నీ కెమెరాకు బయటి అడ్రస్సే లేదు

నల్లగొండ

అరే దోస్త్,

నీ ఉత్తరం అందింది. సగం తిట్లే ఉన్నయి, సరే తియ్యి. మిర్యాలగూడల మిల్లు కాడ కెమెరాలు పెట్టిచ్చినవు, మిల్లుల ఉన్నంతసేపు ఫోన్ల బొమ్మ మంచిగనే వస్తది, హైదరాబాద్ పోంగనే ఏం కనవడదు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటికెల్లి వచ్చిన పిలుపును రౌటర్ కెమెరాకు పంపేటట్టు పెట్టుడు) కూడ పెట్టిన అంటున్నవు. కెమెరా అమ్మినోన్ని ఊకె తిట్టకు, వాని తప్పేం లేదిండ్ల.

వాట్సాప్‌ల పంపిన రౌటర్ పేజీ ఫోటో చూసిన. కెమెరాకు 192.168.1.64 అని ఉన్నది. అది ఇంట్ల వాడుకునే నంబర్. 192.168 తోని, 10 తోని మొదలయ్యేటివి ఎవరింట్ల వాళ్లు పెట్టుకోవచ్చు. మా ప్రింటర్‌కు కూడ గదే నంబర్ ఉంటే ఉండొచ్చు, కొట్లాటేం రాదు. ఎందుకంటే బయట ఇంటర్నెట్‌ల ఆ నంబర్ చెల్లదు.

అసలు సంగతి కింద వాన్ ఐపీ (నీ రౌటర్‌కు నెట్ కంపెనీ ఇచ్చిన అడ్రస్) అన్న కాడ ఉన్నది. 100.80 తోని మొదలైంది చూడు. ముందు 100 ఉండి, రెండో నంబర్ 64 నుంచి 127 లోపల ఉంటే అది గూడ బయటి అడ్రస్ కాదు. నెట్ కంపెనీలు లోపల్లోపల వాడుకోనీకి 2012ల పక్కకు పెట్టిన నంబర్లవి. అంటే నీ రౌటర్ ఒక నాట్ (లోపలి అడ్రస్‌ను బయటి అడ్రస్‌గ మార్చుడు) చేస్తుంటే, దాని మీద కంపెనీవాళ్లు ఇంకో నాట్ చేస్తున్నరు. వాడకట్టంతటికి ఒకటే ఇంటి నంబర్ ఇచ్చినట్టు. పోస్ట్‌మ్యాన్ వాడకట్టు దాక వస్తడు గాని ఏ తలుపు కొట్టాల్నో తెల్వదు.

మరి యూట్యూబ్ ఎట్ల నడుస్తున్నది అంటవు. మజా అంత అక్కడనే ఉన్నది. లోపలికెల్లి ముందు నువ్వు అడిగితే నాట్ డబ్బా తన పట్టికల రాసుకుంటది: ఈ అడ్రస్, ఈ పోర్టు (ఒక్క అడ్రస్ మీద ఏ పనికి ఏది అని గుర్తువట్టే నంబర్), బయటికి ఫలాన పోర్టు మీద పోయింది అని. జవాబు ఆ పోర్టుకే వస్తది, పట్టిక చూసి నీకు అందిస్తది. పోర్టు నంబర్లు 65,535 దాక ఉంటయి గనుక ఒక్క అడ్రస్ వెనుక శానమంది పడ్తరు. కొంతసేపు రాకపోకలు లేకుంటే ఆ లైను కొట్టేస్తది. బయటోడు ముందుగాల పిలిస్తే పట్టికల వాని లైనే ఉండదు, వాడు పంపిన ప్యాకెట్ (డేటా ముక్క) అక్కడనే ఆగిపోతది. నీ ఫార్వర్డింగ్ దాక రానే రాదు. నువ్వు రౌటర్ ఎన్నిసార్లు బంద్ చేసి ఏసినా గంతే.

గింత తిప్పలెందుకంటే, ఐపీవీ4 (మనం ఇప్పటిదాక చెప్పుకున్న నంబర్ల పద్ధతి) అడ్రస్‌కు ఉన్నయే 32 బిట్లు, అంటే సున్న గాని ఒకటి గాని పట్టే 32 గళ్లు. 1981ల వచ్చిన ఆర్ఎఫ్‌సీ 791 అనే ఇంటర్నెట్ నియమాల కాయితంల అట్లనే ఉన్నది. లెక్కేస్తే 429 కోట్ల పైచిల్లర. 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కు ముందున్న అర్పానెట్ అనే నెట్‌వర్క్ ఈ పద్ధతికి మారినప్పుడు మన చేతులకు ఫోన్లొస్తయని ఎవరు కలగన్నరు? 2011 ఫిబ్రవరి 3న, ప్రపంచమంతటికి అడ్రస్‌లు పంచే సంస్థ ఐయానా తన కాడున్న ఆఖరి బ్లాకులు గూడ పంచేసింది. కంపెనీవాళ్లు పంచుకొని వాడుడు నేను తప్పు పట్ట. కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఆ ముక్క చెప్పకపోవుడే నచ్చలే.

ఇగ చేసేది చెప్త. స్టాటిక్ ఐపీ (నీకొక్కనికే ఉండే, మారని బయటి అడ్రస్) అడుగు, అదనంగ పైసలు అడుగుతరు. అది వచ్చిన్నాడే కెమెరా పాస్‌వర్డ్ మార్చు. బయటికి తెరిచిన పోర్టును గెలికి చూసేటోళ్లు మస్తుమంది ఉంటరు. పైసలొద్దనుకుంటే కెమెరా కంపెనీ యాప్ వాడు: కెమెరానే ముందు బయటి సర్వర్‌కు పలకరిస్తది గనుక నాట్ అడ్డం రాదు, కాకుంటే నీ మిల్లు వాళ్ల సర్వర్‌ను నమ్ముకొని ఉంటది.

మూడోది ఐపీవీ6 అనే కొత్త అడ్రస్ పద్ధతి, 128 బిట్లది, దాంట్ల అడ్రస్‌ల కరువే లేదు. అదే పేజీల ఐపీవీ6 కాడ 2 తోని మొదలయ్యే అడ్రస్ ఉన్నదా, ఎఫ్ఈ80 ఒక్కటే ఉన్నదా చూసి రాయి. ఎఫ్ఈ80 అయితే అది రౌటర్ కూడ దాటదు. 2 తోని ఉంటే అది బయటి అడ్రస్సే, అప్పుడు కెమెరాకు ఐపీవీ6 వస్తదో రాదో సెట్టింగుల చూడు. ఐతారం వస్త, కూసొని పెడ్దం.

అమ్మకు దండాలు చెప్పు.

నీ దోస్త్