మేఘమథనానికి చట్టం కావాలి: కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా,

మాది అనంతపురం జిల్లాలో వేరుశనగ పండించే కుటుంబం. మబ్బు కనబడితే ప్రాణం లేచొచ్చే నేల మాది. అందుకే మబ్బుల్లో రసాయనం చల్లి వాన కురిపించే మేఘమథనానికి నేను వ్యతిరేకిని కాను.

అయితే దీనిలో ఒక చిక్కుంది. వాన పడితే మథనం వల్లే అనొచ్చు, పడకపోతే మబ్బులో తేమ లేదనొచ్చు. నిజం తేలాలంటే సోలాపూర్‌లో చేసినట్టు చేయాలి. పుణె శాస్త్రవేత్తలు 2018, 2019 వానాకాలాల్లో అక్కడ 276 మేఘాలను ఎంచుకుని, కొన్నింటిలో రసాయనం చల్లి, కొన్నింటిని అలాగే వదిలేసి పోల్చారు. గాలివాలున వంద చదరపు కిలోమీటర్ల మేర సగటున 18 శాతం ఎక్కువ వాన కురిసింది. తేమగల మబ్బుంటేనే సుమా! 2025 అక్టోబరులో ఢిల్లీ మీద మేఘమథనం చేస్తే, తేమ చాలక చినుకులే గగనమయ్యాయి.

అమెరికాలో 1971 నుంచే చట్టముంది. ఎవరు మేఘమథనం చేసినా కేంద్ర ప్రభుత్వానికి ముందే తెలపాలి, తర్వాత వివరాలివ్వాలి. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

దయచేసి తీసుకురండి. ఏ రోజు, ఎక్కడ, సిల్వర్ అయోడైడ్ లాంటి రసాయనం ఎంత చల్లుతారో పంచాయతీకి ముందే తెలియాలి. చెరువు నీళ్లు, మట్టి ముందూ వెనకా పరీక్షించాలి. ఫలితాన్ని కాంట్రాక్టు సంస్థ కాకుండా వేరేవాళ్లు లెక్కగట్టాలి. పక్క జిల్లా వాళ్లు మా వాన పోయిందంటే, విని జవాబు చెప్పే అధికారి ఒకరుండాలి.

వచ్చే ఖరీఫ్‌లోపు ముసాయిదానైనా ప్రజల ముందు పెట్టండి.

ఇట్లు,
ఒక రైతు బిడ్డ