బుధుణ్ణి గ్రహణం కళ్లద్దాలతో చూడలేం

సంపాదకులకు నమస్కారం.

సూర్యబింబం మీదుగా గ్రహం సాగిపోయే ఘటన గురించి రాసేటప్పుడు తేదీ, సమయం ఇచ్చి, గ్రహణం చూసేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలతో దాన్ని చూడవచ్చన్న ఒక్క మాటతో ముగించవద్దని మనవి. శుక్రుడి విషయంలో ఆ మాట నిజమే. శుక్రబింబపు వ్యాసం సూర్యబింబపు వ్యాసంలో సుమారు 32వ వంతు ఉంటుంది కాబట్టి 2004లోనూ 2012లోనూ సరైన కళ్లద్దాలు పెట్టుకున్నవారికి ఆ నల్లచుక్క టెలిస్కోపు లేకుండానే కనిపించింది. అయితే శుక్రుడు మళ్లీ ఆ దారిన వచ్చేది 2117 డిసెంబరులో. మన కాలానికి మిగిలింది బుధుడే, అతను మళ్లీ వచ్చేది 2032 నవంబరు 13న. అప్పుడు అతని చుక్క సూర్యబింబపు వ్యాసంలో 190వ వంతుకు మించదు. కళ్లద్దాలతో గంటసేపు చూసి, ఏమీ కనిపించక, పత్రికవారు ఏదో రాశారులే అని విసుక్కునే పాఠకుణ్ణి తప్పుపట్టలేం.

బుధుణ్ణి చూడడానికి టెలిస్కోపు కావాలి, ప్రమాదం కూడా దానితోనే వస్తుంది. సూర్యకాంతిని బాగా తగ్గించే సౌర ఫిల్టరును టెలిస్కోపు ముందువైపున, వెలుగు లోపలికి వచ్చే చోట, ఊడిపోకుండా అమర్చాలి. కన్ను పెట్టే వైపు బిగించే చిన్న ఫిల్టరు అక్కడ పోగుపడే వేడికి పగిలిపోవచ్చు. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని, ఫిల్టరు లేని టెలిస్కోపులోకి చూస్తే ఆ అద్దాలు కంటిని కాపాడలేవు.

ఫిల్టరు లేనివారు అనుసరించదగిన పద్ధతి 1631 నాటిది. బుధుడు ఆ ఏడాది నవంబరు 7న సూర్యుడి మీదుగా వెళతాడని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ లెక్కగట్టాడు, కానీ చూడడానికి ఆయన బతికి లేడు. పారిస్‌లో గాసెండీ అనే ఫ్రెంచి పండితుడు చీకటిగదిలో టెలిస్కోపు గుండా సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద పడేలా చేసి చూశాడు. కనిపించిన చుక్క అనుకున్నదానికంటే ఎంతో చిన్నదిగా ఉండడంతో గాసెండీ మొదట దాన్ని సూర్యమచ్చ (సూర్యుడి మీదే ఏర్పడే నల్లటి మచ్చ) అనే అనుకున్నాడు. మచ్చ అయితే బింబం మీద రోజుల తరబడి నెమ్మదిగా జరుగుతుంది, పెద్ద మచ్చల చుట్టూ బూడిదరంగు అంచు కూడా ఉంటుంది. బుధుడు అంచు తీరుగా ఉన్న గుండ్రని చుక్కగా కొన్ని గంటల్లోనే అవతలికి దాటిపోతాడు.

కాబట్టి 2032లో వార్తతో పాటు ఒక బొమ్మ వేయండి. సూర్యుణ్ణి 19 సెంటీమీటర్ల వలయంగా గీస్తే బుధుడు ఒక మిల్లీమీటరు చుక్క అవుతాడు. ఏం వెతుక్కోవాలో పాఠకుడికి ఆ చుక్కే చెబుతుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు