మందస కొండలకు గర్భనిరోధక మాత్రలూ కావాలి, అటవీ హక్కులూ కావాలి

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

సవర గూడేల్లో కుటుంబాలు పెరిగి పోడు చెక్కలు పంచుకునేకొద్దీ, భూమిని బీడుగా వదిలే ఏళ్లు తగ్గుతాయి. చెట్టు తిరిగి లేవకముందే నరికితే మట్టి కొట్టుకుపోయి గెడ్డలు (కొండవాగులు) ఎండుతాయి. అప్పుడు నీళ్లకీ వంటచెరకుకీ దూరం నడిచేది ఆడవాళ్లే, కడుపుతో ఉన్నా సరే.

ఇందులో గిరిజనుల తప్పు లేదు. కాన్పుల మధ్య ఎడం కోరే తల్లికి గర్భనిరోధక సాధనం అందకపోవడమే తప్పు. ఛాయ అనే గర్భనిరోధక మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. వారం దాటి మరిస్తే మళ్లీ మొదటి నుంచీ వేసుకోవాలి. అందుకే వానలకు దారులు తెగకముందే ఆశా కార్యకర్త దగ్గర మూడు నెలల నిల్వ ఉంచండి. అంతర అనే గర్భనిరోధక ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. నెలసరి మారుతుందని ముందే సవర భాషలో చెప్పకపోతే భయపడి మానేస్తారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు లక్ష్యాలు మాత్రం పెట్టకండి, దయచేసి.

2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కుల దరఖాస్తులు కూడా త్వరగా తేల్చండి. అడవిని కాపాడే అధికారం గ్రామసభకు దక్కాలి.

ఇట్లు,
మందస ప్రాంత ఆరోగ్య కార్యకర్తలు