ఆ పెట్టెలు అమ్మే ముందు

సత్యనారాయణపురం, విజయవాడ
ఆదివారం సాయంత్రం

చి. శ్రీనుకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అమ్మ మోకాళ్లు ఇప్పుడు ఫర్వాలేదు, మెట్లు మాత్రం ఎక్కనివ్వడం లేదు. పద్మ పోయిన వారం పిల్లలతో వచ్చి మూడు రోజులుండి వెళ్లింది. పెరట్లో కరివేపాకు మళ్లీ చిగురించింది. నీ ఫోను వచ్చి ఐదు ఆదివారాలైంది. నేను చేస్తే "అంతా బాగానే ఉంది నాన్నా, మీటింగులో ఉన్నా" అని పెట్టేస్తున్నావు. ఉత్తరమైతే కూర్చుని చదువుతావని రాస్తున్నాను.

మొన్న బుజ్జి పిన్ని వాళ్లమ్మాయి సీమంతానికి గుడివాడ వెళ్లాం. భోజనాల దగ్గర రవి నా పక్కన కూర్చున్నాడు. వాడి స్నేహితుడెవరో మీ ఊళ్లోనే ఉంటాడట. మీ ఇంటికొస్తే హాలు నిండా అట్టపెట్టెలు, ఒక్కో పెట్టె మీదా రేటు రాసిన చీటీ ఉన్నాయట. "అన్నయ్య పాత బొమ్మ రైళ్లన్నీ అమ్మేస్తున్నాడటగా పెదనాన్నా" అన్నాడు. నాకు తెలుసన్నట్టు తలూపాను. ఆ తర్వాత ఏం తిన్నానో నాకు గుర్తు లేదు.

అమ్ముకోవడం నీ ఇష్టం. నీ కష్టార్జితంతో కొన్నావు. ఎందుకని నేను అడగను. అమ్మేటప్పుడు మోసపోకూడదని మాత్రం నాలుగు ముక్కలు రాస్తాను. వీటిలో సగం నువ్వు నాకు నేర్పినవే, సగం రైల్వే ఇంజన్ల షెడ్డులో నేను నేర్చుకున్నవి.

నువ్వు ఆ మొదటి ఇంజన్ కొన్నానని చెప్పినప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజం. ఇంటి అడ్వాన్సు కట్టాల్సిన వయసులో బొమ్మలేమిటని మీ అమ్మతో అన్నాను. 2019లో మేం ఇంగ్లండుకి వచ్చినప్పుడు నువ్వు దాన్ని నా చేతిలో పెట్టావు. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి ఇంజన్ల కింద ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేసిన చేతికి 32 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచే ఇంజన్ ఏం ఆనుతుందనుకున్నాను. తిరగేసి చూస్తే అన్నీ నట్లు, బోల్టులు. పానా పెడితే విడిపోతుంది, మళ్లీ బిగిస్తే నిలబడుతుంది. 1920లో ఫ్రాంక్ హార్న్‌బీ రైలు చేయబోతూ, రేకు పట్టీలు బోల్టులతో బిగించి బొమ్మలు కట్టుకునే తన మెకానో పెట్టెలాగే దాన్నీ పిల్లవాడు విప్పి బిగించుకోగలగాలనుకున్నాడని, పోయిన భాగాలు విడిగా కొనుక్కునే వీలు కూడా పెట్టాడని నువ్వు చెప్పావు. ఆ రోజు నుంచి వాటిని బొమ్మలని నేను అనలేదు. నువ్వు గమనించావో లేదో.

మర్నాడు లివర్‌పూల్‌లో ఈ రైళ్లు తయారైన ఫ్యాక్టరీ ఉండిన బిన్స్ రోడ్డుకి తీసుకెళ్లావు. 1979లోనే మూసేసిన ఫ్యాక్టరీకి ఇప్పుడెందుకని మీ అమ్మ అంది. అయినా ముగ్గురం ఆ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచాం. వాన పడుతోంది. నీకు జలుబు చేసింది. ఇప్పుడు కూడా అక్కడ చలి మొదలై ఉంటుంది, చెవులకి ఏమైనా కట్టుకుంటున్నావా? న్యూటన్-లె-విల్లోస్ కూడా చూపించావు. 1853లో బొంబాయి నుంచి థానాకు నడిచిన మన మొదటి ప్రయాణికుల రైలు ఇంజన్లు అక్కడి వల్కన్ ఫౌండ్రీలో తయారైనవే. ఆ ఊరి పేరు చదివి నేను కాసేపు మాట్లాడలేదు. మీ అమ్మ నాకు ఒంట్లో బాగోలేదేమోనని కంగారు పడింది.

సరే, అసలు సంగతికి వస్తాను. మొత్తం కలిపి ఒక్కడికే ఇచ్చేయకు. తొందరలో ఉన్నవాణ్ని కొనేవాడు ఇట్టే పసిగడతాడు. "అన్నీ నేనే తీసుకుంటా, ఒక రేటు చెప్పండి" అంటాడు. ఆ ఒక్క రేటులో నీ ఆరేళ్ల శ్రమ మునిగిపోతుంది. 1920 నాటి నట్టు-బోల్టు సరుకు ఒక పక్క, ముప్ఫైల్లో వచ్చిన కీ ఇచ్చే ఇంజన్లు ఒక పక్క, 1938 తర్వాతి డబ్లో అనే చిన్న సైజు రైళ్లు వేరే. మెకానో పెట్టెలు వాటితో అస్సలు కలపకు. నీ దగ్గరున్న ఒక పెట్టెలో 1926కి ముందరి నికెల్ పూత పట్టీలు, తర్వాతి ఎరుపు-ఆకుపచ్చవి, 1934లో వచ్చిన నీలం-బంగారు రంగువి మూడూ కలిసిపోయి ఉన్నాయి. అది నలుగురు పిల్లల చేతుల్లో పెరిగిన పెట్టె. దాన్ని ఒక సెట్టు అని రాయకు, విడి భాగాలని రాయి. మాట పడకూడదు.

రంగు గురించి. ఎంత మాసిపోయినా రుద్దకు, మెరుగు పెట్టకు, గోకిన చోట రంగు వేయకు. నువ్వు ఆ నల్ల ఇంజన్‌కి, క్యాబు పక్కన 2710 ఇత్తడి నంబరు ఉన్నదానికి, ఒక బోల్టు విప్పి నాకు చూపించింది గుర్తుందా? బోల్టు తల ఆనుకున్న చోట గుండ్రంగా, సున్నా చుట్టినట్టు, రంగు ముదురుగా మిగిలింది. చుట్టూ ఉన్న రంగు వందేళ్ల వెలుతురుకి వెలిసింది, తల కింద దాక్కున్నది వెలవలేదు. ఆ సున్నా ఉంటే అసలు రంగు. బోల్టు విప్పితే అంతా ఒకే తీరుగా నున్నగా ఉందంటే ఎవరో విప్పి రంగు కొట్టి బిగించారని అర్థం. షెడ్డులో ఓవరాలింగ్ చేసి వచ్చిన ఇంజన్ని మా పెద్ద మేస్త్రీ ఇలాగే పట్టేవాడు. అందరూ బాయిలరు చూస్తుంటే ఆయన కూర్చుని కింద నట్లు చూసేవాడు. కొనేవాడికి ఈ సున్నా నువ్వే చూపించు. వాడు అడిగేదాకా ఉండకు.

మేం వచ్చినప్పుడు నేను నీ పక్కన కూర్చుని విప్పి చూసిన వ్యాగన్ సంగతి కూడా అంతే. దాని మీద కంపెనీ పేరు రంగుతో రాసింది కాదు, రేకు అక్షరాలు విడిగా చేసి తగిలించినవి. ఒక అక్షరం ఊడదీస్తే దాని నీడ రంగు మీద ఉండాలి. నీడ లేకపోతే ఆ అక్షరం నిన్న మొన్న వచ్చింది. ఇంకొకటి, 1923లో అక్కడి రైల్వేలని దాదాపు అన్నిటినీ నాలుగు పెద్ద కంపెనీలుగా కలిపేశారు కదా, అంతకు ముందరి కంపెనీ పేరున్న వ్యాగన్, ఆ తర్వాతి కంపెనీ రంగుల్లో ఉన్న ఇంజన్ ఒకే పెట్టెలో ఉంటే, ఆ పెట్టె దుకాణం నుంచి అలాగే వచ్చిందని గట్టిగా చెప్పకు.

ఇన్ని రాస్తున్నాను, మరి ఆఫీసులో అంతా బాగానే ఉందా? పేపర్లో రోజూ మీ కంపెనీల వాళ్లని తీసేస్తున్నారని రాస్తున్నారు. మీ అమ్మకి ఆ పేజీ చూపించడం మానేశాను. ఉద్యోగం పోయిందని ఎవరూ అనలేదు, రవి కూడా అనలేదు. నేనే అనుకుంటున్నాను. పోతే పోయిందని చెప్పు. నీ చేతిలో పని ఉంది.

కీ ఇచ్చే ఇంజన్లని పంపేటప్పుడు స్ప్రింగు పూర్తిగా వదిలెయ్, బిగించి పెట్టెలో పెట్టకు. తాళంచెవి విడిగా దారంతో కట్టు. ముప్ఫైల నాటి పోత చక్రాలని ఒక్కోటీ కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూడు. వెంట్రుకవాసి బీట కనిపించినా, అంచు ఉబ్బినట్టున్నా అది లోపలి జబ్బు. జింకు పోతలో సీసం కలిసిపోవడం వల్ల వచ్చేది, ఎన్నేళ్లు దాచినా తగ్గదు. దాన్ని అతికించే మందు లేదు. అలాంటివి బిగించబోతే చేతిలోనే పొడిపొడి అయిపోతాయి. ఫొటో ముందు ఆ బీటకే తీయి. పెట్టెలని పారేయకు, చిరిగినా సరే. లోపలి అట్టముక్క, చిన్న పానా, విప్పడం ఎలాగో చెప్పే కాగితం, అన్నీ దాంతోనే పోవాలి. ప్లాస్టిక్ కవర్లలో చుట్టకు, చెమ్మ పట్టి తుప్పు లేస్తుంది. అటక మీది పెట్టెలని నువ్వు ఒక్కడివే దించకు. నీ నడుం సంగతి నాకు తెలుసు. స్వప్నని నిచ్చెన పట్టుకోమను.

నీకు తాతయ్య గడియారం గురించి ఎప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకి తెలుసు, పద్మకి తెలియదు, చెప్పకు.

1986 శ్రావణంలో పద్మకి టైఫాయిడ్ తిరగబెట్టింది. నీకు అప్పటికి ఏడాది కూడా లేదు. పది రోజులు ఆసుపత్రిలో పెట్టాం. జీతం వచ్చేసరికి ఇంకా తొమ్మిది రోజులుంది. అప్పటికే రమణ మావయ్య దగ్గర ఒకసారి తీసుకున్నాను. తాతయ్యకి చెబితే బెంగ పెట్టుకుంటాడని, ఆయన మధ్యాహ్నం పడుకున్నప్పుడు దిండు కింద నుంచి ఆయన జేబు గడియారం తీశాను. గార్డుగా ఇరవై తొమ్మిదేళ్లు ఆ గడియారం చూసి జెండా ఊపిన మనిషి ఆయన. గవర్నర్‌పేటలో ఒక సందులోకి తీసుకెళ్లాను. ఆ దుకాణదారు కంటికి అద్దం పెట్టుకుని వెనక మూత తెరిచాడు. మూత లోపల సూదితో గీసినట్టు చిన్న చిన్న అంకెలు, ఎన్నో. బాగు చేసిన ప్రతివాడూ తారీఖు గీసి పెట్టాడన్నమాట. ఆ మూత నేను ఒక్కసారైనా తెరిచి చూసినవాణ్ని కాదు. వాడు అవన్నీ తీరిగ్గా చదువుకున్నాడు. చదువుతుంటే వాడి మొహం మారింది, నాకు కనిపించింది. కానీ మూత వేసి, "పాతదండీ, ఎన్నాళ్లో నడవదు" అన్నాడు. నాలుగొందల యాభై ఇచ్చాడు. నేను లెక్కపెట్టుకుని వచ్చేశాను. అడగాలంటే ఏం అడగాలో నాకు తెలియలేదు.

రోజూ ఏడింటికి తాతయ్య మంచం మీద కూర్చుని దానికి కీ ఇచ్చేవాడు. మర్నాడు లేచాడు, దిండు కింద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. నేను పళ్లు తోముకుంటూ నూతి దగ్గర నుంచి చూస్తున్నాను. కాసేపటికి, "టైమెంతైందిరా?" అన్నాడు. చెప్పాను. అప్పటి నుంచి పోయేదాకా మూడేళ్లు, రోజూ పొద్దున్న నన్ను టైము అడిగాడు. గడియారం ఏదని అడగలేదు.

ఆయన పోయాక పదకొండో రోజున మీ నాయనమ్మ ట్రంకు పెట్టె తెరిచింది. తువ్వాలు కొంగున ముడి వేసి ఏడు వందలున్నాయి. పోస్టాఫీసు నుంచి తీసిన చీటీ కూడా అందులోనే ఉంది. తారీఖు చూశాను. నేను గవర్నర్‌పేట వెళ్లడానికి రెండు రోజుల ముందుది. పద్మ కోసం తీసి ఉంచి, నేను అడుగుతానని చూశాడట. నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు. ఇద్దరం మూడేళ్లు అదే అరుగు మీద కూర్చున్నాం.

నా పోస్టాఫీసు డిపాజిట్టు వచ్చే నెల పన్నెండున చేతికొస్తుంది. దానితో ఏం చేయాలన్న ఆలోచన నాకూ మీ అమ్మకీ ఏదీ లేదు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు కూడా చాలావరకు అలాగే ఉంది. నామినీ నువ్వే. బ్యాంకు నుంచి అక్కడికి పంపాలంటే ఏ కాగితాలు కావాలో రవిని కనుక్కోమన్నాను. ఎందుకో వాడికి చెప్పలేదు.

చిన్నదానికి తెలుగు అక్షరాలు ఎంతవరకు వచ్చాయి? "ణ" రాయడం వచ్చిందన్నావు, ఒక కాగితం మీద రాయించి ఫొటో పెట్టు. మీ అమ్మ సున్నుండలు చేసింది. పద్మ ఆడపడుచు ఇరవయ్యో తారీఖున మాంచెస్టర్ వస్తోంది, ఆమెతో పంపుతున్నాం. గోంగూర పచ్చడి కూడా ఉంది, సీసా నిలువుగా పట్టుకోమని చెప్పాం. రాత్రిళ్లు ఒంటిగంట దాకా మేలుకోకు. స్వప్నకి తెలియకుండా ఏదీ అమ్మకు. ఆమెకి తెలిసే ఉంటుందిలే, అయినా రాస్తున్నాను.

ఆదివారం మీకు మధ్యాహ్నం రెండింటికి నేను ఫోను దగ్గరే ఉంటాను. ఎంత ఆలస్యమైనా ఫర్వాలేదు, మేం పడుకోం.

ఆ వ్యాగన్ విషయంలో ఒకటి మర్చిపోయాను. వెనక ఎడమ చక్రం దగ్గరి బోల్టు, నట్టు అసలువి కావు. 2019లో అక్కడ చూస్తే అవి లేవు. ఇంటికి వచ్చాక ఆటోనగర్‌లో లేత్ దగ్గర కూర్చుని మర సరిపోయేదాకా మూడుసార్లు చేయించి నీకు పార్శిలు పంపాను. రంగు కలిసిపోయింది, చూస్తే ఎవరూ పట్టలేరు. కొనేవాడికి ఆ సంగతి ముందే చెప్పు. వాడు దానికి రేటు తగ్గిస్తానంటే అమ్మకు, ఆ ఒక్కటి ఇంట్లో ఉంచు.

ఆశీస్సులతో,
నాన్న