నాన్న పాదాల మంట గురించి ఆరోగ్య మంత్రి గారికి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా నాన్నగారు రెండేళ్ల పాటు రాత్రిళ్లు చన్నీళ్ల బకెట్‌లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. ఆయన జబ్బేమిటో తేలడానికి రెండేళ్లు ఎందుకు పట్టిందో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

సాయంత్రం అయ్యేసరికి మొదలయ్యేది. ముందు కుడికాలి బొటనవేలు, తర్వాత అరికాలంతా ఎర్రగా కందిపోయేది. చెయ్యి పెట్టి చూస్తే జ్వరం వచ్చినవాళ్ల నుదురులా కాలిపోయేది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవారు. నీళ్లలో ఐసు ముక్కలు వేసి ఇచ్చేవాళ్లం. ఫ్యాను గాలి నేరుగా పాదాలకి తగిలేలా మంచం అటునించి ఇటు తిప్పి వేశాం. నాని నాని వేళ్ల సందులు తెల్లబడి, చర్మం ఊడి, ఒకచోట పుండు కూడా పడింది.

పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్తే పాదాలు శుభ్రంగా, మామూలుగా ఉండేవి. అసలు చిక్కంతా అక్కడే. షుగర్ చూశారు, లేదు. విటమిన్ మాత్రలు ఇచ్చారు, నరాల మాత్రలు ఇచ్చారు. ఒకాయన చెప్పులు మార్చమన్నారు. ఇంకొకాయన, "వయసు మీద పడింది కదండీ, టెన్షన్ పెట్టుకోకండి" అన్నారు. నాన్నకి టెన్షన్ లేదండీ, నిద్ర లేదు.

చివరికి ఒక చర్మవైద్యురాలు, "ఎర్రబడినప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి తీసుకురండి" అన్నారు. ఫొటో చూశాక మా పాత కాయితాలన్నీ బల్ల మీద పరిచి, ఏడాదిన్నర కిందటి సీబీసీ రిపోర్టు, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష కాయితం మీద వేలు పెట్టారు. ప్లేట్‌లెట్లు ఏడు లక్షలు దాటి ఉన్నాయి. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల లోపు ఉండాలట. ఎక్కువగా ఉన్నాయని పక్కనే పైకి బాణం గుర్తు కూడా ఉంది. ఆ కాయితం చాలామంది చేతులు మారింది. మా తప్పూ ఉంది లెండి. ప్లేట్‌లెట్లు పడిపోతే భయం గానీ, ఎక్కువుంటే మంచిదేగా అనుకున్నాం.

ఈ జబ్బు పేరు ఎరిత్రోమెలాల్జియా. ఎరుపు, కాళ్లూచేతులు, నొప్పి అనే మూడు గ్రీకు మాటలు కలిపి 1878లో సైలస్ వీర్ మిచెల్ అనే అమెరికన్ డాక్టరు పెట్టిన పేరు. అరుదైనదే. కొందరికి పుట్టుకతో వచ్చే జన్యులోపం వల్ల చిన్నప్పుడే మొదలవుతుంది. ఆ జన్యువు ఎస్‌సీఎన్9ఏ అని 2004లో తేలింది. పెద్దవయసులో కొత్తగా మొదలైతే మాత్రం ఎముక మూలుగ వైపు చూడాలి. అక్కడ రక్తకణాలు అదుపు లేకుండా పుట్టే ఎసెన్షియల్ థ్రాంబోసైథీమియా, పాలిసైథీమియా వీరా అనే జబ్బులు ఉన్నాయి. మెల్లగా నడిచే బ్లడ్ క్యాన్సర్లివి. ఎక్కువైన ప్లేట్‌లెట్లు వేళ్ల చివర ఉండే సన్నటి రక్తనాళాల్లో గుంపుగా పేరుకుంటాయి. నాళం గోడ వాచి మంట పుడుతుంది. అలాగే వదిలేస్తే వేలు నల్లబడి కుళ్లిపోవచ్చు. మెదడులోనో గుండెలోనో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఇంకా పెద్దది. కొద్దిమందిలో ఈ మూలుగ జబ్బు ల్యుకేమియా అనే తీవ్రమైన బ్లడ్ క్యాన్సర్‌గానూ మారుతుంది. అసలు జబ్బు బయటపడడానికి ఏళ్ల ముందే కొందరిలో ఈ మంట కనిపిస్తుందట. ఆ మాట విన్నప్పుడు నాకు బకెట్ గుర్తొచ్చింది.

డాక్టరు చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టారు. మూడో రాత్రి నాన్న బకెట్ అడగలేదు. మేమే నమ్మలేక రెండుసార్లు లేచి చూశాం. ప్లేట్‌లెట్ల వల్ల వచ్చే ఈ రకం మంటకి ఆస్పిరిన్ అంత బాగా పనిచేస్తుంది. అలాగని ఇది చదివి ఎవరూ సొంతంగా వేసుకోకూడదు. ప్లేట్‌లెట్లు మరీ ఎక్కువైతే రక్తస్రావం జరిగే ప్రమాదమూ ఉంటుంది. తర్వాత జాక్-2 అనే జన్యువులో మార్పు ఉందేమో చూసే రక్తపరీక్ష, మూలుగ పరీక్ష చేసి థ్రాంబోసైథీమియా అని తేల్చారు. ఇప్పుడు ప్లేట్‌లెట్లని తగ్గించే హైడ్రాక్సీయూరియా మందు వాడుతున్నారు.

మంత్రి గారూ, అరికాళ్ల మంటలున్న ప్రతివారికీ క్యాన్సర్ ఉందని జనాన్ని హడలగొట్టమని నేను అడగడం లేదు. చాలామందిలో కారణం షుగరో, బి12 లోపమో అయ్యుంటుంది. నేను అడిగేది అంతకన్నా చిన్నది. మంటతో పాటు ఎర్రబడి వేడెక్కుతోందనీ, చన్నీళ్లతో తగ్గుతోందనీ చెప్పేవాళ్లకి సీబీసీ చేయించాలని ప్రభుత్వ డాక్టర్లందరికీ ఒక పేజీ సూచన పంపండి. పాదాలు అప్పుడు మామూలుగా కనిపిస్తే ఫొటో అడగమని అందులోనే రాయండి. ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు దాటితే కొన్నాళ్లాగి మళ్లీ చూడాలి. అప్పటికీ తగ్గకపోతే రక్తజబ్బులు చూసే హెమటాలజిస్ట్ దగ్గరికి పంపాలి. ఇన్‌ఫెక్షన్ వల్లా, ఐరన్ లోపం వల్లా కూడా పెరుగుతాయి కాబట్టి తొందరపడి క్యాన్సర్ పేరు ఎత్తనక్కర్లేదు. ఊరికే కాయితం మడిచి ఫైల్లో పెట్టకపోతే చాలు.

జాక్-2 పరీక్ష ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఉచితంగా చేయాలి. ఆ జన్యువులో మార్పు సంగతి 2005 నుంచీ తెలుసు. పాలిసైథీమియా వీరా ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ, థ్రాంబోసైథీమియా ఉన్నవాళ్లలో సుమారు సగంమందికి అది కనిపిస్తుంది. ఇది కొత్త వింత పరీక్షేమీ కాదు.

ఈ ఉత్తరంతో రెండు కాయితాలు జత చేస్తున్నాను. ఒకటి నాన్న సీబీసీ రిపోర్టు, ఇంకొకటి జాక్-2 రిపోర్టు. రెంటి మీదా తేదీల చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీశాను.

ఇట్లు,
ఒక రోగి కూతురు