అమ్మకు, వర్క్‌షాప్ నుంచి

అమ్మా,

నేను బాగున్నాను. పోయిన ఆదివారం ఫోన్‌లో నా గొంతు విని నువ్వు రాత్రంతా నిద్రపోలేదని అన్నయ్య చెప్పాడు, అందుకే ముందు ఈ మాట. ఆ రోజు పొద్దుటినుంచీ మాస్క్ పెట్టుకుని చెక్క అరగదీసి వచ్చాను, గొంతు ఆరిపోయింది. కాస్త దిగులుగా కూడా ఉంది, నీ దగ్గర దాచను. చలికాలంలో ఇక్కడ తొందరగా చీకటి పడిపోతుంది. గదికి వచ్చి తలుపు వేసుకుంటే మళ్లీ పొద్దున్నే మనిషి మొహం చూడటం. అలాంటి సాయంత్రాలు తగ్గాలనే కదా ఈ వర్క్‌షాప్‌లో మాష్టారి దగ్గర నా చేత్తో గిటారు చేయడం మొదలుపెట్టింది.

ఆఫీసు మామూలే. పని ఉంది, జీతం వస్తోంది. నాన్నగారు అడిగిన కాగితాలన్నీ ఇచ్చేశాను, టెన్షన్ పడొద్దని చెప్పు.

షాపులో దొరికే గిటారుకి ఇంత అవస్థ దేనికని అన్నయ్య అన్నాడట. వాడికి నా మీద ప్రేమ లేక కాదని తెలుసు, అయినా ఆ మాట మనసులో ఉండిపోయింది. షాపులో గిటారు దొరుకుతుంది గానీ అది ఎందుకు పలుకుతుందో దొరకదు కదా. చిన్నప్పుడు హార్మోనియం విప్పి చూశానని నన్ను కొట్టబోతే నువ్వే అడ్డం వచ్చావు. నువ్వైనా అర్థం చేసుకుంటావు.

పైపలక గురించి చెప్తాను, నా ధ్యాసంతా ఇప్పుడు దాని మీదే ఉంది. అది స్ప్రూస్ చెక్క. ఎత్తితే బరువే ఉండదు, గీతల వెంట వంచబోతే మాత్రం లొంగదు. ఒకే ముక్కని నిలువునా రెండు పలకలుగా కోసి, పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరిచి మధ్యలో అతికిస్తాం. అందుకే గీతలు రెండు వైపులా సరిసమానంగా వస్తాయి. తర్వాత చిత్రిక పట్టడం. మొదట్లో మందంగా ఉంటుంది కాబట్టి ధైర్యంగా లాగేయొచ్చు. మూడు మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది. మందంలో పదో వంతు తీస్తే పలక బిగువులో నాలుగో వంతుకు పైగా పోతుంది. బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుందని నాన్నగారికి చెప్పు, ఆయన లెక్క వేసి చూసుకుంటారు.

ఆరు ఉక్కు తీగలనీ శ్రుతి చేస్తే అన్నీ కలిపి సుమారు డెబ్భై కిలోల బలంతో లాగుతాయమ్మా. ఆ లాగుడికి పలక ఏళ్ల తరబడి నిలబడాలి, తీగని వేలితో మీటగానే కదలాలి కూడా. మందంగా వదిలేస్తే గిటారు విరగదు, పాడదు. మరీ పల్చబరిస్తే బాగా పాడి కొన్నాళ్లకి బ్రిడ్జ్ దగ్గర, అంటే తీగల కింది కొసలు బిగించే ముక్క దగ్గర, ఉబ్బిపోతుంది. ఎక్కడ ఆపాలో మాష్టారు అంకె చెప్పరు, ఒక చెక్కకి సరిపోయింది ఇంకోదానికి సరిపోదంటారు. పలకని రెండు వేళ్ల మధ్య తేలిగ్గా పట్టుకుని తట్టి వినమంటారు. మందంగా ఉన్నన్నాళ్లూ టక్కుమని ఆగిపోయేది. పల్చబడేకొద్దీ శబ్దం కిందికి దిగి, కాసేపు సాగడం మొదలైంది. ఆ సాగడం మొదటిసారి విన్నప్పుడు నువ్వు పక్కన ఉంటే బాగుండుననిపించింది.

2.8 దగ్గర ఆపాను. ఆయనైతే ఇంకొంచెం తీసేవారట. "నీ చెవికి చాలనిపిస్తే చాలు" అన్నారు. ఈ దేశంలో నాకు ఇంత నిదానంగా ఏదైనా నేర్పిన మనిషి ఆయనొక్కరే.

నాన్నగారు కంట్లో చుక్కలు వేసుకుంటున్నారా? నొప్పి లేదని మానేస్తారు, నువ్వు దగ్గరుండి వేయించు.

టోరెస్ అని స్పెయిన్‌లో ఒకాయన ఉండేవాడు. ఇప్పుడు చేసే క్లాసికల్ గిటార్లకి రూపం ఇచ్చింది ఆయనే. 1862లో పక్కలూ వెనకా కాగితపు అట్టతో చేసి, పైపలక మాత్రం చెక్కతో పెట్టి ఒక గిటారు తయారుచేశాడు. స్వరం చాలావరకు పైపలకలోనే ఉందని చూపించడానికట. అది బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. సెలవు దొరికితే వెళ్లి చూడాలని ఆశ.

పలక లోపలివైపు అతికించే బద్దలు నేను ఎక్స్ ఆకారంలో వేశాను. 1840ల్లో మార్టిన్ అనే జర్మన్, అమెరికా వెళ్లి స్థిరపడ్డాక, వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. అప్పటికి గిటార్లకి పేగు తంతులే ఉండేవి. తర్వాత అంతకన్నా చాలా ఎక్కువ బలంతో లాగే ఉక్కు తీగలొచ్చినా అదే అమరిక నిలబడింది. బద్దల కొసలు ఉలితో చెక్కి చెక్కి పల్చబరుస్తుంటే టైమే తెలియదు. ఆ పని చేసిన రాత్రులు హాయిగా నిద్ర పడుతోంది. అది నీకు రాయాలనుకున్నాను.

పక్కలు రోజ్‌వుడ్. మన దక్షిణాది జిట్రేగే. రెండు మిల్లీమీటర్ల పలకని కొద్దిగా తడిపి, వేడెక్కిన ఇనప గొట్టం మీద ఆనించి నెమ్మదిగా వంచాలి. చెక్క పోగుల్ని కలిపి పట్టి ఉంచే లిగ్నిన్ వేడికి మెత్తబడి, ఉన్నట్టుండి చెక్క చేతుల్లో లొంగుతుంది. నడుము వంపు దగ్గరే ఎక్కువగా విరుగుతాయంటారు. నావి రెండూ విరగకుండా వంగాయి. వేళ్లు కాలలేదు, తోలు గ్లౌజులు వేసుకున్నాను, నువ్వు అడక్కముందే చెప్తున్నా. రోజ్‌వుడ్ పొడి కొందరికి ఒంటికీ ఊపిరితిత్తులకీ పడదన్న మాట నిజమే. నాన్నగారి ఆయాసం చూసి పెరిగినదాన్ని, మాస్క్ లేకుండా ఆ చెక్క ముట్టుకుంటానా? చివర్లో మెరుగు కూడా స్ప్రే కాదు, స్పిరిట్‌లో కరిగించిన లక్కని గుడ్డతో పల్చగా రుద్దుతాను. పైపలక మీద మందపు పూత పడకపోతే శబ్దానికీ మంచిది.

విమానంలో తెస్తే రోజ్‌వుడ్ అని పట్టుకుంటారేమోనని నాన్నగారి అనుమానం. దేశాల మధ్య వ్యాపారం నిషేధించింది బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి, 1992 నుంచి. మన రకం చెక్కకి 2017లో ఆంక్షలు పెట్టారు గానీ, తయారైన వాద్యాలకి 2019లో మినహాయింపు ఇచ్చారు. భయం లేదు.

ఇక మెట్లు, అంటే వేలు పెట్టి స్వరం మార్చే చోట మెడ మీద అడ్డంగా బిగించే లోహపు కడ్డీలు. మెడ పైకొసన తీగలు ఆనే నట్ నుంచి బ్రిడ్జ్ వరకు 645 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం, 36.2. మిగిలినదాన్ని మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. ఇలా పోతే పన్నెండోది సరిగ్గా సగంలో పడుతుంది. నాన్నగారిని మొత్తం ఇరవై మెట్లకీ లెక్క కట్టి పంపమను, నా దానితో సరిచూసుకుంటాను. ఆయనకి పొద్దు గడుస్తుంది, నాకు ధైర్యంగా ఉంటుంది. మెట్లకి గాడి కొయ్యడం వచ్చే నెలలో, తొందరేం లేదని చెప్పు.

వచ్చేటప్పుడు గిటారు తెచ్చి ఇంట్లోనే ఉంచేస్తాను. నాకు భయమల్లా గాలిలో తేమ గురించే. చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. ఇక్కడ హీటర్ల వల్ల గాలి ఎండిపోతుంది కాబట్టి, మాష్టారు గదిలో తేమ 45 శాతం దగ్గర ఉంచి, అది నిలకడగా ఉన్నప్పుడే జిగురు పెట్టనిస్తారు. మన ఇంట్లో వానాకాలం అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. పైపలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. అందుకని అన్నయ్యకి ఒక చిన్న తేమ మీటర్ పంపుతున్నాను. నా గదిలో, కిటికీకి దూరంగా, బీరువా మీద పెట్టి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అంకె చూసి రాయమను. వాడు మర్చిపోతే నువ్వు రాయి. వానలు అయ్యేదాకా రాసి పంపితే పెట్టెలో తేమ పీల్చే పొట్లాలు ఎన్ని పెట్టాలో మాష్టారిని అడిగి చెప్తాను.

ఈ శనివారం వెనక పలక అతికిస్తున్నాం, జిగురు ఆరేలోపు క్లాంపులన్నీ బిగించాలి, ఫోన్ తియ్యను. కంగారు పడకు. ఆదివారం నేనే చేస్తాను.

నీ చిన్న కూతురు