చిట్టీ, కారు ఏసీ గ్యాస్ గొట్టం మాత్రం విప్పకు

కావలి,
ఆదివారం పొద్దున.

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. రోహిణి కార్తె గదా, రోళ్లు పగిలే ఎండలు. పదకొండు దాటితే వీధిలో మనిషి కనపడడు. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాకే మీ అమ్మ వరండాలోకి వస్తోంది. ఉలవపాడు నుంచి మామిడికాయలు తెప్పించి నడవలో వరిగడ్డి కింద మాగేశాం. ఇల్లంతా ఆ వాసనే. మొన్న శనివారం మాలకొండ వెళ్లొచ్చాం. మీ అమ్మ నీ పేరు మీద ఏదో మొక్కుకుంది. ఏందని అడిగితే చెప్పలేదు.

నువ్వు ఫోన్ చేసి పంతొమ్మిది రోజులైంది. పనుల్లో ఉంటావులే. ఊరికే రాస్తున్నాను.

బుజ్జి పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చింది. మాటల్లో చెప్పింది, నువ్వు సెల్లార్లో బానెట్ ఎత్తి కారు ఏసీ పని నువ్వే చేస్తున్నావని, కొత్త బెల్టు, బెల్టు పడే చక్రం పుల్లీకి బేరింగు కూడా కొన్నావని. బానెట్ కింద ఏదో శబ్దం వస్తోందని మెకానిక్ షెడ్డులో చూపిస్తే, ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్‌నే మొత్తం మార్చాలన్నారట గదా. ఇంకో మాట కూడా అంది. అది తర్వాత రాస్తాను.

నువ్వు బానెట్ ఎత్తావంటే నాకు సంతోషమే. చిన్నప్పుడు టార్చి పట్టుకుని నా పక్కనే నిలబడేదానివి. పన్నెండో నంబరు స్పానర్ అడిగితే పదమూడు ఇచ్చిన రోజు లేదు. అందుకే చెబుతున్నా, కంప్రెసర్ పోయిందని ఎవరో అంటే నమ్మేయకు. ఏసీ ఆపినా ఆ శబ్దం వస్తోందా? వస్తే ముందు అనుమానించాల్సింది బేరింగునే. బెల్టు తిరుగుతున్నంతసేపూ పుల్లీ తిరుగుతూనే ఉంటుంది. ఏసీ వేసినప్పుడే, కరెంటుతో అయస్కాంతమయ్యే క్లచ్ కాయిల్ ముందున్న ప్లేటుని టక్కున లాగి పుల్లీకి అతికించి కంప్రెసర్‌ని తిప్పుతుంది. ఏసీ వేస్తేనే శబ్దం వస్తుంటే తేడా క్లచ్‌లోనో కంప్రెసర్ లోపలో ఉన్నట్టు.

శబ్దం ఎక్కడిదో పట్టుకోడానికి నేను నడిచే ఇంజన్ మీద స్క్రూడ్రైవర్ మొన పెట్టి, పిడి చెవికి ఆనించి వినేవాణ్ని, నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు అలా చెయ్యొద్దు. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివ్ తీసెయ్. బెల్టు ఎటునుంచి ఎటు తిరిగిందో కాగితం మీద గీసుకుని, అప్పుడు తియ్యి. తీశాక పుల్లీని రెండు వేళ్లతో తిప్పి చూడు. మంచి బేరింగు చప్పుడు లేకుండా మెత్తగా తిరుగుతుంది. పోయినదైతే లోపల ఇసుక పోసినట్టు గరగరమంటుంది, వేళ్లకే తెలుస్తుంది. పుల్లీ పట్టుకుని అటూ ఇటూ ఊపితే వదులుగా ఊగుతుంది కూడా. చుట్టూ ఎర్రగా తుప్పుపొడి రాలి ఉందేమో చూడు. బెల్టుని దారిలో నడిపే ఐడ్లర్, బిగువుగా ఉంచే టెన్షనర్ పుల్లీలనీ అలాగే తిప్పి చూడు. ఒక్కోసారి అరిచేది అవి, తిట్లు కంప్రెసర్‌కి. బెల్టుని వెనక్కి వంచితే చీలికలు కనపడితే అది పారేయాల్సిందే. నూనె అంటినా అంతే.

ఈ పనికి ఏసీ గ్యాస్ జోలికి పోనక్కర్లేదు. చెయ్యి దూరే చోటుంటే కంప్రెసర్ కదపకుండానే ప్లేటు, పుల్లీని పట్టి ఉంచే రింగు సర్‌క్లిప్, పుల్లీ తీసి బేరింగు మార్చొచ్చు. బిగించేటప్పుడు క్లచ్ ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు అర మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుంది, నీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసి, సందు కొలిచే రేకు ఫీలర్ గేజ్ పెట్టు. సుత్తితో మాత్రం కొట్టకు. లాగి ఊడదీసే పుల్లర్ వాడాలి.

బేరింగే గదా అని వదిలేసి, పుల్లీ బిగుసుకుపోయేదాకా నడపొద్దు. కొన్ని బళ్లలో ఒకే బెల్టు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నీ, ఇంజన్ చల్లబరిచే వాటర్ పంపునీ కూడా తిప్పుతుంది. అది తెగితే బ్యాటరీ లైటు వెలుగుతుంది, వేడి ముల్లు పైకి పోతుంది. పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లే బండి.

ఇప్పుడు అసలు సంగతి. నా కుడి బొటనవేలి కింద తెల్లమచ్చ ఏందని చిన్నప్పుడు అడిగావు. సైలెన్సర్ కాలిందన్నాను. అది నిజం కాదు.

1996లో నెల్లూరులో షెడ్డులో ఉన్నాను. నువ్వు రెండో తరగతి. ఏసీ పెట్టించిన అంబాసిడర్ ఒకటి వచ్చింది, మద్రాసు వెళ్లాల్సిన పార్టీ. ముసలాయన ఒకరు వెనక సీట్లో తువ్వాలుతో విసురుకుంటూ కూర్చున్నారు. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. కంప్రెసర్ దించాలి. గ్యాస్ అంతా ఎప్పుడో లీకైపోయిందని ఓనరు చెప్పాడు. ఒత్తిడి చూపే గేజీ పెట్టి చూడాల్సింది. ముసలాయన ముఖం చూసి తొందరపడ్డాను. గొట్టం నట్టు రెండు చుట్లు తిప్పానో లేదో, బుస్సుమని తెల్లటి పొగలా ఎగజిమ్మింది. ఆ క్షణంలో టీ పిల్లాడు ‘అన్నా, చక్కెర వెయ్యనా’ అంటే తల అటు తిప్పాను గనక సరిపోయింది. లేకపోతే పోయేది కన్నే. చెయ్యి మొదట నొప్పి పుట్టలేదు. చర్మం కొవ్వొత్తి మైనంలా తెల్లగా, గట్టిగా అయిపోయింది, గిల్లితే తెలియలేదు. తోటివాడు మంచి చేద్దామనే గుడ్డతో గట్టిగా రుద్దాడు. అలా రుద్దకూడదు, నిప్పు దగ్గర పెట్టకూడదు, గోరువెచ్చని నీళ్లలో ఉంచి డాక్టరు దగ్గరికి పోవాలని తర్వాత తెలిసింది. రాత్రికి బొబ్బలు లేచాయి. నెల రోజులు మీ అమ్మే అన్నం కలిపి పెట్టింది. ఆ ముసలాయన కిటికీలన్నీ దించుకుని అదే ఎండలో మద్రాసు వెళ్లారు. పాపం, ఏమయ్యారో నాకు ఈనాటికీ తెలియదు.

అప్పటి గ్యాస్ ఆర్ 12. ఇప్పుడు ఎక్కువ బళ్లలో వచ్చేది ఆర్ 134ఎ. గొట్టంలోంచి బయటపడిందంటే సున్నాకి 26 డిగ్రీలు కిందే మరిగిపోతుంది, అంత చలి. మన ఎండలకి బండి నడుస్తూ ఏసీ వేసి ఉన్నప్పుడు ఎక్కువ ఒత్తిడి ఉండే గొట్టంలో రెండు వందల పీఎస్‌ఐ దాటి ఉంటుంది. ఆగి ఉన్నా ఒత్తిడి ఉంటుంది. పైగా సెల్లార్లో గాలి ఆడదు. మంట దగ్గర ఆ గ్యాస్ విషమవుతుంది.

నిజంగానే కంప్రెసర్ లోపల పోయి ఉంటే, గ్యాస్ మిషన్‌తో లాగించడానికి పని తెలిసినవాళ్లకే ఇవ్వు. తర్వాత గొట్టాల అతుకుల్లో రబ్బరు ఓ-రింగులు, తేమ పీల్చే డ్రయర్ కొత్తవి వెయ్యాలి, కంపెనీ చెప్పిన నూనే పొయ్యాలి, లోపలి గాలి, తేమ పోయేలా కనీసం అరగంట వాక్యూమ్ పెట్టాలి. గ్యాస్ కూడా బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములుంటే అన్నే, తూకం వేసి. లోపల ఇనుప రజను తిరిగి ఉంటే కొత్త కంప్రెసర్ కూడా పోతుంది, అది చూడమని అడుగు.

బుజ్జి చెప్పిన రెండో మాట. అల్లుడిగారికి మూడు నెలలుగా జీతం రావట్లేదట. అందుకే షెడ్డుకి ఇవ్వలేదా తల్లీ? అందుకేనా ఫోన్ చెయ్యట్లేదు? నువ్వు సరదాకి చేస్తుంటే చెయ్యి. డబ్బుకి వెనకాడి చేస్తుంటే నాకు చెప్పలేదని బాధ. ఆయన్ని ఏమీ అడగను. ఈ సంగతి నాకు తెలిసినట్టు కూడా ఉండను.

చున్నీ తీసి పక్కన పెట్టు. జడ ముడెయ్. గాజులు, ఉంగరం తియ్యి. కళ్లకి అడ్డుగా అద్దాలు పెట్టుకో. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరకు, స్టాండు పెట్టు. బ్యాటరీ కలిపి ఉంటే రేడియేటర్ ఫ్యాను ఇంజన్ ఆపినా తనంతట తనే తిరగొచ్చు, జాగ్రత్త. పిల్లల్ని సెల్లార్లోకి రానివ్వకు.

పుల్లర్, సర్‌క్లిప్ ప్లయరు నా దగ్గరే ఉన్నాయి. నూనె రాసి గుడ్డలో చుట్టాను. శుక్రవారం రాత్రికి సింహపురి టికెట్ తీసుకున్నా, శనివారం పొద్దుటికి అక్కడ ఉంటాను. మామిడిపళ్లు తెస్తున్నా. మీ అమ్మ చేపల పులుసు కూడా పెట్టి పంపిస్తానంటోంది. ఈ ఎండకి రాత్రంతా ఆగుతుందో లేదోనని నేను, మామిడికాయ వేసిన పులుసు మర్నాటికే బాగుంటుందని ఆవిడ. స్టేషన్‌కి రావొద్దు, ఆటోలో వస్తాను. నేను వచ్చేలోగా బెల్టు తీసి పుల్లీ తిప్పి చూసి, గరగరమందో లేదో ఒక్క ఫోన్ చెయ్యి.

మీ నాన్న